గాలి మీద సవారి

సైకిలు కొనబోయేవారు ముందు రంగు చూస్తారు, తరవాత ధర అడుగుతారు. నడుము సంగతి గుర్తుకొచ్చేది కంకర రోడ్డెక్కాకనే!

మెత్తగా పోవాలంటే ఫ్రేము మంచిదై ఉండాలంటారు చాలామంది. సగం మాటే అది. ఫ్రేమంటే త్రికోణాల కూర్పు. వంగకపోవడమే దాని గొప్ప. గతుకు దెబ్బను మింగేది టైరులోని గాలి సుమండీ! 1860ల నాటి ఇనప పట్టీల సైకిలును ఇంగ్లీషువాళ్ళు 'ఎముకలు కుదిపే బండి' అన్నారు. బెల్‌ఫాస్టులో డన్‌లప్ అనే పశువుల డాక్టరు, కొడుకు మూడుచక్రాల బండి కోసం గాలి టైరు కట్టి, 1888లో పేటెంటు పుచ్చుకున్నాడు. ఎముకలకు ఊరట దొరికింది.

గాలి ఎక్కువ పట్టాలంటే టైరు వెడల్పుండాలి. 23 మిల్లీమీటర్ల సన్న టైరుకు రాయిలా బిగిసేదాకా గాలి కొట్టాలి. తగ్గిస్తే రిమ్ముకూ రాతికీ మధ్య ట్యూబు నలిగి చిల్లు పడుతుంది. మన పాత నల్ల సైకిలు టైరు వెడల్పు 40 మిల్లీమీటర్లకు దగ్గర. అందులో సగం ఒత్తిడి గాలి చాలు.

"వెడల్పు టైరైతే తొక్కడం బరువు కాదూ?" అన్నాడు మా మేనల్లుడు.

"ఒరే, గట్టి టైరు గతుకు గతుకుకూ నిన్ను పైకి ఎగరేస్తుంది. ఆ శ్రమ ఎవరిదిరా? నీ కాళ్ళదే!" అన్నాను. పందెగాళ్ళు సైతం 23 వదిలి 28కి వచ్చారు.

మరి ఫ్రేముకు పని లేదా? లేకేం! చక్రాల మధ్య దూరం ఎక్కువైతే కుదుపు నెమ్మదిస్తుంది. నిటారుగా కూర్చోబెడితే చేతుల మీద బరువు తగ్గుతుంది. ఆ బరువంతా సీటు మీద పడుతుంది గనక కింద స్ప్రింగులు కావాలి. అన్నిటికీ మించి, వెడల్పు టైరుకు ఫోర్కులో చోటివ్వవలసింది ఫ్రేమే. ఆ చోటు లేకపోతే తరవాత మార్చుకుందామన్నా టైరు పట్టదు.

కనక అమ్మాయికి బడి సైకిలు కొనేటప్పుడు టైరుకూ ఫోర్కుకూ మధ్య వేలు పెట్టి చూడండి. గాలి కొట్టే అబ్బాయితో "రాయి చెయ్యకు నాయనా" అనండి. నడుము నొప్పెట్టిందని పిల్ల సైకిలు మూలన పడేస్తే, దానితోపాటు ఎవరూ దింపనక్కర్లేకుండా తనంతట తాను బడికి పోయే స్వేచ్ఛ కూడా మూలన పడుతుంది. దానికి ఏ దుకాణంలోనూ స్పేరు దొరకదు!