బరిలోని గొంతుక

కడప జిల్లాలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములయందు తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు జరుగుచుండును. ఎత్తయిన మూపురముల ఒంగోలు జాతి యెడ్లు నిర్ణీతకాలములో బరువైన రాతిబండను ఎంత దూరము లాగునో కొలిచి బహుమతు లిత్తురు. పండ్లనుబట్టి వయస్సు నెంచి, పాలపండ్లు, రెండు పండ్లు, నాలుగు పండ్లు అని జతలను వేఱుపఱతురు.

అందఱి కన్నులును ఎడ్లమీదనే యుండును. చెవులు మాత్రము మైకు పట్టిన వ్యాఖ్యాత వైపుండును. ఏ యూరి జత బరిలోనికి వచ్చినదో, ఎన్ని నిమిషములు మిగిలినవో, ఎన్ని అడుగులు లాగినదో అతడు చెప్పినగాని వెనుకనున్నవారికి తెలియదు.

జనమును ఉత్సాహపఱచుటయే అతని పని యని కొందఱందురు. ఉత్సాహము వలసినదే; కాని అది చాలదు. తన యూరి జతను పొగడి, పొరుగూరి జతను తక్కువచేసినచో, కొలత సరిగానున్నను జనులకు నమ్మకము పోవును. పండుగ పగగా మాఱును. “కొట్టు, కొట్టు” మని అతడు కేక వేసినచో చెర్నాకోల ఆగదు. మూగజీవులను కొట్టి బాధించుట నేరమని 1960 నాటి జంతుహింస నివారణ చట్టము చెప్పుచున్నది. ఆ మాటను బరిలో అందఱికి వినిపింపగలవాడు ఇతడే. అలసిన యెద్దు మోకరిల్లినపుడు “కోల దింపుడు” అని చెప్పగలవాడే నిజమైన వ్యాఖ్యాత.

బాలలారా! రేపు మీ పాఠశాల ఆటలలో మీరును మైకు పట్టవచ్చును. గెలిచినవాని పేరుతోపాటు, ఓడినవాని పేరును గౌరవముతో పలుకుడు.