గుండె లయ తప్పితే

ప్రశ్న: మా అమ్మకు 63 ఏళ్లు. రక్తపోటు తగ్గిందని ఆరు నెలల కిందట మందు తనంతట తానే మానేసింది. ఈమధ్య అప్పుడప్పుడు గుండె దడగా ఉందని కూర్చుండిపోతోంది. కాసేపటికి సర్దుకుంటుంది. అంతా దిగులు వల్లనే అంటున్నారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, సత్యవేడు

జవాబు: దిగులు వల్ల కూడా దడ రావచ్చు. కాని 60 దాటి, రక్తపోటు ఉన్నవారి విషయంలో పరీక్ష చేయించకుండా అలా అనుకోరాదు. గుండె పై గదులు సక్రమంగా ముడుచుకోక వణికినట్లు అదిరే జబ్బు ఒకటుంది. దాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. అప్పుడు ఆ గదుల్లో రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతమే. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 1948లో మొదలైన పరిశీలనలో, ఈ జబ్బు ఉన్నవారికి పక్షవాతం వచ్చే అవకాశం సుమారు 5 రెట్లు ఎక్కువని తేలింది.

వయసు పెరిగేకొద్దీ ఇది ఎక్కువ. అదుపులో లేని రక్తపోటు ముఖ్య కారణం. మధుమేహం, స్థూలకాయం, థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయడం, పొగ, మద్యం, గురకపెడుతూ నిద్రలో ఊపిరి ఆగడం కూడా కారణాలే. మన దేశంలో మరొకటి ఉంది. చిన్నప్పుడు గొంతునొప్పి తర్వాత కీళ్లవాత జ్వరం వచ్చి, గుండెలోని మైట్రల్ కవాటం ఇరుకైనవారికి నడివయసుకు ముందే లయ తప్పవచ్చు. అందుకే పిల్లల గొంతునొప్పిని అశ్రద్ధ చేయకండి.

అమ్మగారి మణికట్టుపై బొటనవేలి వైపు మూడు వేళ్లు ఆనించి, నిమిషం పాటు నాడి చూడండి. విశ్రాంతిలో 60 నుంచి 100 వరకు మామూలే. లెక్క ఎంతైనా, దెబ్బలు ముందూ వెనకా పడుతుంటే ఇ.సి.జి. తీయించాలి. దడ లేనప్పుడు తీస్తే అది మామూలుగానే కనిపించవచ్చు. అప్పుడు 24 గంటల హోల్టర్ పరీక్ష అవసరం కావచ్చు. తిరుపతి స్విమ్స్‌లో గుండె జబ్బుల విభాగం ఉంది.

జబ్బు ఉందని తేలితే, చాలామందికి రక్తం గడ్డకట్టకుండా మందు ఇవ్వవలసి ఉంటుంది. ఇప్పుడు కొత్త మందులు వచ్చినా, మైట్రల్ కవాటం బాగా ఇరుకైనవారికి వార్ఫరిన్ ఇస్తారు. దానికి తరచు రక్తపరీక్ష తప్పదు. ఆస్పిరిన్ వీటికి బదులు కాదు.

ముందుగా ఈ వారంలోనే దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో రక్తపోటు చూపించండి. మందు వల్ల తగ్గిన రక్తపోటు, మందు మానితే మళ్లీ పెరుగుతుంది. దడతో పాటు స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి వచ్చినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయండి.