బ్రాంచికి ఒక్కరన్నరు, ఆ ఒక్కరేరి?

స్టార్టప్‌లతోనే దేశం ఎదుగుతదని పేపర్లు రోజూ రాస్తున్నయ్. సంతోషమే. కానీ జనగామలో చెప్పులు కుట్టే చేతులు, మానుకోటలో మిరపకాయలు ఏరే చేతులు, భూపాలపల్లిలో బొగ్గు తీసే చేతులు ఈ దేశానివి కావా? ఆ ఇండ్లల్లోంచి ఒక్క యజమాని ఎందుకు పుట్టకూడదు?

2016 జనవరిలో కేంద్రం 'స్టార్టప్ ఇండియా' మొదలుపెట్టింది. 10,000 కోట్ల నిధి, పన్ను రాయితీలు ప్రకటించింది. ఇక్కడ 2015లోనే టీ-హబ్ వచ్చింది. 2022లో రాయదుర్గంలో దానికి పెద్ద భవనం కట్టిన్రు. భూపాలపల్లి నుంచి ఆ గడప రెండు వందల కిలోమీటర్లు. అసలు దూరం అది కాదు. ఇంగ్లీషు, పరిచయాలు, నాయన చేతిలో పెట్టే మొదటి పెట్టుబడి: ఈ మూడూ ఉన్నోడికే ఆ గడప దగ్గర.

"మీకు స్టాండప్ ఇండియా ఇచ్చిన్రు కదా" అంటారు. 2016 ఏప్రిల్ 5న పెట్టిన పథకం అది. 2025 మార్చి దాకా నడిచిన ఆ పథకంలో ప్రతి బ్యాంకు బ్రాంచి కనీసం ఒక ఎస్సీకో ఎస్టీకో, ఒక మహిళకు 10 లక్షల నుంచి కోటి దాకా అప్పు ఇవ్వాల్సి ఉండె. బ్రాంచీలు లక్షా పాతిక వేలన్నరు. అంటే మనోళ్లు కనీసం లక్షా పాతిక వేల మంది ఉండాలి. 2025 మార్చి నాటికి సర్కారే చెప్పిన లెక్క చూడండి. ఎస్సీ ఖాతాలు 46,248. ఎస్టీ ఖాతాలు 15,228. రెండూ కలిపితే 61,476. తొమ్మిదేండ్లలో సగం కూడా కాలేదు! అదే పథకంలో మహిళల ఖాతాలు 1,90,844. అక్కచెల్లెండ్లకు అందినందుకు మనకు ఏడుపు లేదు. బ్యాంకులు తలుచుకుంటే ఇయ్యగలవని అదే రుజువు. మరి మాదిగ, మాల, లంబాడ పిల్లల కాగితం దగ్గరికి వచ్చేసరికి కలం ఎందుకు ఆగుతున్నది?

ఆ పథకం రూలు ప్రకారం తాకట్టే పెట్టాలని లేకుండె, గ్యారంటీ నిధి ఉండె. కౌంటర్ దగ్గర మాత్రం "పట్టా పాస్‌బుక్ ఉందా?" అని అడిగేటోళ్లు. తరతరాలుగా మనకు భూమి లేకుండా చేసిందెవరు? నా దగ్గర చదువుకున్న ఒక పిల్లగాడు ఇట్లనే ఒక బ్యాంకు చుట్టూ ఆరు నెలలు తిరిగి, ఇప్పుడు పట్నంలో ఇంకొకరి బండి నడుపుతున్నడు.

ఇది ఒక్క పిల్లగాని నష్టం కాదు, దేశం నష్టం. చిన్న కమతాల మీద 1918లో రాసిన వ్యాసంలోనే అంబేద్కర్ చెప్పిండు, వ్యవసాయం మీద భారం దిగాలంటే పరిశ్రమలు రావాలని. ఊరి దగ్గర ఒక షెడ్డు లేస్తే పది మందికి పని దొరుకుతది. ఆ కూలి పైసలు అక్కడి సంతలోనే తిరుగుతయ్. వృద్ధి అంటే అది.

2025 బడ్జెట్‌లో కొత్త మాట చెప్పిన్రు. కొత్తగా వ్యాపారం పెట్టే మహిళలు, ఎస్సీలు, ఎస్టీలు కలిపి 5 లక్షల మందికి ఐదేండ్లలో 2 కోట్ల దాకా అప్పులట. అందులో ఎవరి వాటా ఎంతో విడిగా చెప్పలేదు. అసలు మోసం అక్కడే మొదలైతది.

కాబట్టి మన డిమాండ్లు సూటిగా ఉండాలి. ఎస్సీ, ఎస్టీల వాటాను అంకెల్లో రాయాలి. మన మూడు జిల్లాల్లో ప్రతి బ్రాంచి ఎంతమందికి ఇచ్చిందో బోర్డు మీద పెట్టాలి. కాదంటే కారణం కాగితం మీద ఇవ్వాలి. కేంద్ర సంస్థల కొనుగోళ్లలో ఎస్సీ, ఎస్టీ పరిశ్రమలకు 4 శాతం ఇవ్వాలని 2012 నుంచి రూలుంది. భూపాలపల్లి సింగరేణి గనులు, చెల్పూరు కరెంటు ప్లాంటు కూడా మనోళ్ల దగ్గర ఏం కొంటున్నయో లెక్క చెప్పాలి.

చదువుకున్న మిత్రులారా, మీ ఊరి బ్రాంచికి పోయి ఒక్క ప్రశ్న అడగండి. "ఆ ఒక్కరు ఎవరు?"

జై భీం!