మా అవ్వ గుర్తుపట్టని ఊరు

ఈ నెల గోడపత్రికలో "నా అభిప్రాయం" కింద రాయమని నాకు చెప్పారు. నేను మనసులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

పోయిన నవంబరు 14న బాలల దినోత్సవానికి మనకు వ్యాసరచన పోటీ పెట్టారు కదా. "ప్రకృతి ఒడిలో మా ఊరు" అని అంశం. అందులో నాకు మొదటి బహుమతి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒక పెన్ను ఇచ్చారు. ఆ పెన్నుతోనే ఇప్పుడు ఇది రాస్తున్నాను.

ఆ వ్యాసంలో నేనేం రాశానంటే, మా ఊరి చుట్టూ పచ్చని కొండలు ఉంటాయని, సెలయేళ్లు గలగల పారుతుంటాయని, పక్షులు కిలకిలమంటుంటాయని, మా ప్రజలు అమాయకులని, ఏ కష్టమూ తెలియకుండా హాయిగా జీవిస్తారని రాశాను. అవి నా మాటలు కావు. సగం పాత గైడులోవి, సగం సీనియర్ అక్కల నోట్సులోవి. అప్పుడు నాకు అది తప్పు అనిపించలేదు. వ్యాసం అంటే అలాగే ఉండాలి అనుకున్నాను.

సంక్రాంతి సెలవులకు గూడేనికి పోయాను. మాది నల్లమలలో చెంచుగూడెం. మా ఇంట్లో నేనే మొదట బడికి పోయినదాన్ని. మా అమ్మకు, నాయనకు, అవ్వకు చదువు రాదు. ప్రైజు వచ్చిందంటే అవ్వ సంబరపడి "చదువమ్మే, ఇంటాను" అంది. పొయ్యి దగ్గర కూర్చుని మొత్తం చదివాను. అవ్వ అంతా విని, "బాగుంది. ఇది ఏ ఊరమ్మే?" అని అడిగింది.

"మన ఊరే అవ్వా" అన్నాను.

"మన ఊరా? యాడుంది మన ఊరు ఇందులో? వాగు గలగల పారుతుందని రాసినావే, ఏ నెలలో?" అంది.

నాకు మాట రాలేదు. వానాకాలం వాగు పారేమాట నిజమే. ఎండాకాలం వచ్చేసరికి వాగులో ఇసుక తోడి చెలమ చేసుకుంటాం. చెలమలో నీళ్లు ఊరేదాకా బిందె పక్కన పెట్టుకుని కూర్చోవాలి. చిన్నప్పుడు నేను అలాగే కూర్చుని నిద్రపోయేదాన్ని. వ్యాసంలో ఆ చెలమ లేదు.

అవ్వ ఇంకోటి అడిగింది. "అమాయకులు అంటే ఎవరు?" ఏమీ తెలియనివాళ్లు అని చెప్పాను. అవ్వకు కోపం వచ్చింది. "తేనె తీసేటప్పుడు మీ నాయన కొండ అంచున తాడుకు వేలాడతాడు. పైన తాడు పట్టేది మీ మేనమామ. తోడబుట్టినదాని తాళి తెగనీడని బామ్మర్దినే పట్టమంటాం. ఏ తేనెటీగ ఎప్పుడు లేస్తుందో, పట్టులో ఎంత వదిలిపెట్టాలో ఏమీ తెలియనోడికి తెలుస్తుందా?" అంది. వ్యాసంలో మా నాయన లేడు. తాడు లేదు. మేనమామ లేడు. కొండలు, పక్షులు ఉన్నాయి. మనిషి ఒక్కడూ లేడు.

నా అభిప్రాయం ఏమిటంటే, మన ఊళ్లు అందంగా లేవని కాదు. అందంగానే ఉన్నాయి. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ రోడ్డు ఎక్కే వాళ్లంతా కార్లు ఆపి ఫొటోలు తీసుకుంటారు. తీసుకోవాల్సిందే. తెల్లవారుజామున ఇప్పచెట్టు కింద పూలు రాలి నేల కనపడకుండా ఉంటే నాకు కూడా తొక్కబుద్ధి కాదు. కానీ అవి మేము ఏరుకునే పూలు. కొండ మాకు చూసేది మాత్రమే కాదు, పనిచేసే చోటు కూడా. చింతపండు, కుంకుడుకాయలు, జిగురు, తేనె, విస్తరాకులు అన్నీ అందులోవే. గిరిజనుల దగ్గర ఇలాంటివి కొనడానికే ప్రభుత్వం 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టింది. మార్కెట్లో సీసాలో కనపడే గిరిజన తేనె వెనక ఇలాంటి తాడు ఒకటి ఉంటుంది.

చిన్న పట్టణాలు కూడా అంతే. దారిన పోయేవాళ్లకు దోర్నాల అంటే టీ తాగే చోటు. మాకు దోర్నాల అంటే సంత, బ్యాంకు, ఆధార్ కార్డు, ఆసుపత్రి. ఎవరికైనా జబ్బు చేస్తే డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చి, అక్కడి నుంచి ఏది దొరికితే అది ఎక్కించాలి. మార్కాపురం అంటే మాకు ఇంకా పెద్ద ఊరు. మార్కాపురం పలకలు ఒకప్పుడు దేశమంతా పోయేవి. అంగన్‌వాడీలో నేను అ, ఆ దిద్దింది రాతి పలక మీదే. ఆ రాయిని తవ్వి, కోసి పలక చేసేవాళ్లకు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ అనే జబ్బు వస్తుందని సైన్సు మేడమ్ చెప్పారు. పలక చూస్తే నల్లగా నున్నగా ఉంటుంది. దుమ్ము కనపడదు. నా వ్యాసం కూడా అలాగే నున్నగా ఉంది.

మా కొండల నీళ్లతో కింద చాలామంది బతుకుతున్నారు. గుండ్లకమ్మ నల్లమలలోనే పుట్టి, కంభం చెరువు నింపి, ప్రకాశం నేలల మీదుగా సముద్రంలో కలుస్తుంది. సోషల్ మేడమ్ మ్యాపు మీద చూపించినప్పుడు నాకు గర్వంగా అనిపించింది. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి కొంత కొంత తీసి ప్రకాశం జిల్లా చేశారని, అంతకుముందు మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేదని, 2022లో గుంటూరు నుంచి పల్నాడు వేరయిందని కూడా చెప్పారు. ఇది అవ్వకు చెప్తే, "జిల్లా ఎటు పోయినా చెలమ ఉన్నకాడే ఉంది" అంది.

1983లో మా అడవిని పులుల అభయారణ్యం చేశారు. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం విస్తీర్ణంలో దేశంలోకెల్లా పెద్దది. పులులు బతకాలి. అందుకని ఘాట్ రోడ్డులో రాత్రిపూట బండ్లు ఆపుతారు. అది మంచిదే. కానీ ఆ అడవిలో పులులతో పాటు మేమూ ఉన్నామని చాలామందికి తెలియదు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. తరతరాలుగా అడవిలో ఉన్నవాళ్లకు సాగుచేసుకునే నేల మీద, తేనె, జిగురు లాంటి వాటి మీద హక్కు ఉందని అందులో రాశారు. ఆ హక్కు అడగాలంటే మేము ఎక్కడ ఉంటున్నాం, ఏం ఏరుకుంటున్నాం, ఏ వాగు నీళ్లు తాగుతున్నాం అన్నీ చెప్పగలగాలి, రాయగలగాలి. పచ్చని కొండలు, గలగల సెలయేళ్లు అని రాస్తే ఆ కాగితం దేనికీ పనికిరాదు.

మా గురించి బయటివాళ్లు ఎప్పటినుంచో రాస్తున్నారు. ఆస్ట్రియా దేశం నుంచి వచ్చిన హైమెండార్ఫ్ అనే ఆయన అవతల నైజాం వైపు నల్లమలలో చెంచుల మధ్య ఉండి ఇంగ్లీషులో పుస్తకం రాశాడు. అది 1943లో అచ్చయింది. అంత దూరం నుంచి వచ్చిన మనిషి మా గూడేల్లో ఉండి, అడిగి తెలుసుకుని రాశాడు. నేను అక్కడే పుట్టి, ఎవరినీ అడగకుండా గైడు చూసి రాశాను. నాకు సిగ్గేసింది.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. ఇది రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను.

సంక్రాంతి తరువాత గూడెంలో పని ఉండదు. చాలామంది కింద గుంటూరు వైపు మిరపకోతలకు వస్తారు. మా అమ్మా నాయనా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని ఈ ఏడు కూడా వచ్చారు. మన హాస్టల్‌కు దగ్గర్లోనే కోతలు. చేను గట్టున పట్టా కట్టుకుని ఉంటారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వంగి కాయలు కోయాలి. చేతులు మండుతాయి. కొబ్బరినూనె రాసుకున్నా తగ్గదు. ఆ చేతుల్తో కళ్లు తుడుచుకోకూడదు. తరువాత కల్లంలో ఆరబోసి, తాలుకాయలు ఏరి, టిక్కీలకు ఎత్తితే అవి గుంటూరు మిర్చి యార్డుకు పోతాయి. ఆసియాలోనే పెద్ద మిర్చి యార్డు అని మనం జి.కె.లో చదువుకున్నాం.

ఫిబ్రవరిలో ఒక రోజు చేను కోత అయిపోయి పని లేదని అమ్మ నన్ను చూడటానికి గేటు దగ్గరికి వచ్చింది. అది రెండో ఆదివారం కాదు, మామూలు రోజు. చీర నిండా మిరప ఘాటు. చేతులు ఎర్రగా వాచి ఉన్నాయి. నా పక్కన ఇద్దరు క్లాసుమేట్లు ఉన్నారు. దగ్గరికి రాగానే వాళ్లకు తుమ్ములు వచ్చాయి. "ఎవరే ఆమె?" అని అడిగారు. నేను "మా ఊరావిడ" అన్నాను.

అమ్మకు వినపడింది. ఏమీ అనలేదు. కొంగులో మూట కట్టుకొచ్చిన వేరుశనక్కాయలు ఇచ్చి, బాగా చదువుకో అని చెప్పి పోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అవ్వ సంక్రాంతికి చెప్పిన మాట నాకు అప్పుడు అర్థమైంది. హాయిగా జీవిస్తారు అని రాసింది నేనే. అది చదివిన వాళ్ల ముందు మా అమ్మ చేతులు అలా ఉంటే నేను ఏం చెప్పాలి? ముందు కాగితం మీద మా అమ్మను లేకుండా చేశాను. తరువాత గేటు దగ్గర కూడా లేకుండా చేశాను. రెండూ ఒకటే తప్పు.

ఆ ఇద్దరికీ ఇక్కడే చెప్తున్నాను. ఆమె మా అమ్మ.

కొందరు అక్కలు, "ఇలాంటివి రాస్తే మనల్ని ఇంకా చిన్నచూపు చూస్తారు, మంచివే రాయాలి" అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ దాచితే చిన్నచూపు పోవటం లేదు, మనకే మన వాళ్లంటే సిగ్గు పెరుగుతోంది. ఇంకొందరు, "అంత కష్టమైతే కొండ దిగి వచ్చేయొచ్చు కదా" అంటారు. మేము ఏటా దిగుతూనే ఉన్నాం. కోతలైపోగానే అమ్మ వాళ్లు మళ్లీ ఎక్కిపోతారు. ఎందుకంటే అది ఇల్లు. ఇంట్లో నీళ్లకు ఇబ్బంది ఉందంటే నీళ్లు తేవాలి కానీ ఇల్లు వదిలిపొమ్మంటే ఎలా? నేను చదువుకుని అక్కడే ఏఎన్ఎమ్ గానో టీచరు గానో చేయాలని ఉంది.

కాబట్టి నేను రెండు మనవులు చేసుకుంటున్నాను. మొదటిది టీచర్లకు. వచ్చే సంవత్సరం పోటీకి "ప్రకృతి ఒడిలో" అని కాకుండా "మా ఊళ్లో ఒక రోజు" అని ఇవ్వండి. సెలవుల్లో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాయమనండి. సుగాలీ తండాల వాళ్లు, యానాది కాలనీల వాళ్లు, చెంచులం అందరం రాస్తే మన గోడపత్రికలో నిజంగా కొత్త సంగతులు వస్తాయి. చదవటానికి కూడా బాగుంటుంది.

రెండోది వార్డెన్ మేడమ్ గారికి. కూలికి వచ్చినవాళ్లకు ఏ రోజు కోత లేకపోతే ఆ రోజే ఆదివారం. కోతల మూడు నెలలు మాత్రం, మామూలు రోజు వచ్చినా స్టడీ అవర్‌కు ముందు ఒక అరగంట లోపల కూర్చోనివ్వండి. గేటు బయట నిలబెడితే చూసిపోయేవాళ్లు ఎవరో అన్నట్టే ఉంటుంది.

తోటి విద్యార్థినులకు ఒక్క మాట. మన ఊరు అందంగా ఉందని రాయండి. దాని పక్కనే చెలమ గురించి కూడా రాయండి. ఇంటికి పోయినప్పుడు చదివి వినిపించండి. మన అవ్వలు అది తమ ఊరే అని గుర్తుపడితే మొదటి బహుమతి వచ్చినట్టే.

ఇది నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్లు వచ్చే నెల పత్రికలో రాయండి, చదువుతాను.

ఇట్లు,
మీ సోదరి,
9వ తరగతి, నల్లమల చెంచుగూడెం