‘ఇంతే’ అను మాట మనకు వద్దు

మన వార్షిక సంచికకు రెండు ముఖములు. ఒక అట్ట తెరచినచో తెలుగు, రెండవ అట్ట తెరచినచో ఉర్దూ. ఎడమ నుండి కుడికి సాగు లిపియు, కుడి నుండి ఎడమకు సాగు లిపియు నడిమి పుటలలో కలిసికొనును. ఈ కలయిక మన కళాశాలకు గర్వకారణము. అయితే గత సంవత్సరము ఈ సంచిక అచ్చుపనిలో మాకొక చేదు అనుభవము కలిగినది. ఉర్దూ కవితల అక్షరములు దారము తెగిన పూసలవలె విడివిడిగా, వెనుక ముందులుగా వచ్చినవి. తెలుగు పుటలలో ఒత్తులు తమ అక్షరములను విడిచి ప్రక్కకు జరిగినవి. ఇదేమని అడుగగా అచ్చుకూటము వారు “కంప్యూటరులో ఇంతే” అనిరి. మేమును సరేయని చేతితో దిద్దుకొని ఊరకుంటిమి. ఆ ఊరకుండుటయే మా తప్పని ఇప్పుడు తోచుచున్నది.

అక్షరములను తెరపై అందముగా కూర్చుటకు ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్ ఉన్నది. అందు ప్రసిద్ధమైన దాని పేరు హార్ఫ్‌బజ్. ‘హర్ఫ్’ అనగా అక్షరమని మన ఉర్దూ విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. ‘బాజ్’ అనగా పారసీలో తెరచినది. ఇరాను దేశమున పుట్టిన బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్ దీనికి ఈ పేరు పెట్టెను. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రేఆఫీస్ దీనిని వాడుచున్నవి. తెలుగు ఒత్తులను కూర్చునదియు, ఏటవాలుగా దిగు నస్తాలీఖ్ అక్షరములను కలుపునదియు ఇదే. మన సంచికలోని రెండు భాషలకును పనివాడు ఒక్కడే యన్నమాట.

ఇట్టి వాటిని ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అందురు. దాని సోర్స్ కోడు లోకమున ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, మార్చినదానిని ఇతరులకు పంచవచ్చును. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను సంయుక్తాక్షరపు ఒకానొక కూర్పు వచ్చినంతనే ఐఫోనులలో అప్లికేషన్లు కూలిపోయిన సంగతి పత్రికలలో చదివితిమి. కంపెనీ వారు కొలది దినములలోనే దానిని సరిచేసిరి. అయితే అక్షరము మనదైనను, అంతవరకు వేచియుండుట తప్ప మనకు వేరు దారి లేకపోయెను. ఓపెన్ సోర్స్‌లో ఆ దారి ఉన్నది. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయమున చదువుకొనుచున్న లైనస్ టోర్వాల్డ్స్ తాను వ్రాసిన లినక్స్‌ను లోకము ముందుంచెను. అప్పటికి ఆయన వయస్సు 21 సంవత్సరములు, అనగా మన పెద్ద తరగతుల విద్యార్థుల వయస్సే.

“మాకు ప్రోగ్రామింగ్ రాదు, మేమేమి చేయగలము?” అని అనేకులు అడుగుదురు. తొలి మెట్టునకు ప్రోగ్రామింగ్ అక్కరలేదు; తప్పును తప్పుగా చెప్పగలిగిన చాలును. కాని చెప్పుటకొక పద్ధతి యున్నది. “తెలుగు సరిగా రావడము లేదు” అను ఫిర్యాదు ఎవరికిని ఉపకరింపదు. ఏ సాఫ్ట్‌వేర్, ఎన్నవ వెర్షన్, ఏ ఫాంటు, ఏమి టైపు చేసితిమి, ఏమి రావలెను, ఏమి వచ్చినది అని వరుసగా వ్రాయవలెను. “లక్ష్మి అని టైపు చేయగా మ ఒత్తు క్ష క్రింద చేరక ప్రక్కన విడిగా నిలిచినది” అని వ్రాసి, తెర బొమ్మను జతపరచినచో, తెలుగు రాని ఇంజనీరునకు సైతము పని సులభమగును. అంతకుముందే మరొకరు ఆ తప్పును తెలిపి యుండిరేమో వెదకి చూచుట కనీస మర్యాద.

రెండవ మెట్టు మాటలది. ఫైర్‌ఫాక్స్ తెలుగులోను ఉర్దూలోను దొరకుచున్నది. అందలి ప్రతి పదమును ఎవరో ఒకరు కూర్చుండి అనువదించినదే. తెలుగు సాఫ్ట్‌వేర్‌లో ఫైలును ‘దస్త్రము’ అనియు, అకౌంటును ‘ఖాతా’ అనియు వ్రాయుచున్నారు. ఈ రెండు మాటలును హిందూస్తానీ దారిని తెలుగు వాకిట అడుగుపెట్టినవే. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చి, పండితులను కూడగట్టి తెలుగునకు సేవచేసిన సి.పి. బ్రౌను, తెలుగులో వాడుకయందున్న ఇట్టి అన్యదేశ్యములకు 1854లో ప్రత్యేకముగ నిఘంటువే ప్రకటించెను. ఏ మాట జనుల నోట నలుగునో, ఏది నిఘంటువులో నిదురించునో తేల్చవలసినది సాహిత్య విద్యార్థులే. కావున ఈ పని కంప్యూటరు శాఖ వారి సొత్తు కాదు.

మూడవ మెట్టు కోడును దిద్దుట. టోర్వాల్డ్స్ 2005లో రూపొందించిన గిట్ దీనికి సాధనము. మూలమునకు ఒక ప్రతి తీసికొని, అందొక చిన్న మార్పుచేసి, దానిని స్వీకరింపుడని నిర్వాహకులను కోరవలెను. దీనినే పుల్ రిక్వెస్టు అందురు. వారు పంక్తి పంక్తిని పరిశీలించి ఒప్పుకొనవచ్చును, త్రిప్పి పంపవచ్చును. త్రిప్పి పంపుట అవమానము కాదు. గురువు దిద్దిన ఎర్రసిరా వంటిది. మొదట ఆ ప్రాజెక్టు లైసెన్సును, నియమములను చదువవలెను. ఒక పర్యాయమునకు ఒక్క మార్పే చేయవలెను. జవాబునకు ఓర్పుతో వేచియుండవలెను.

ఇందుపై ఆక్షేపణలు లేకపోలేదు. మనము ఉచితముగా చేసిన పనిని పెద్ద కంపెనీలు వాడుకొని లాభపడునని కొందరు అందురు. అది నిజమే. జి.పి.ఎల్. వంటి లైసెన్సులు, మార్చి పంచువారు ఆ మార్పుల మూలమును కూడ ఈయవలెనని శాసించును. కొన్ని లైసెన్సులలో ఆ నిర్బంధము లేదు. అయినను దిద్దబడిన అక్షరము మనకును మిగులును. మరి ఉద్యోగము వచ్చునా? వచ్చునని మేము మాట ఈయలేము. చేసిన పని పేరుతో సహా బహిరంగముగా నిలిచియుండును, ఎవరైనను చూడవచ్చును అని మాత్రము చెప్పగలము. ఆంగ్లము రాదను భయమునకు సమాధానము ఒక్కటే: ఐదారు పొట్టి వాక్యములు చాలును.

మనకున్న అనుకూలత మరెందరికో లేదు. తుమ్మలపల్లె, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతముల నుండి వచ్చు మన విద్యార్థులలో పలువురు ఇంట ఒక భాష, వీధిలో ఒక భాష మాటలాడువారు. ఒకే పంక్తిలో ఉర్దూ, తెలుగు, అంకెలు కలిసి వచ్చినపుడు కుండలీకరణములు తలక్రిందులగుట, అంకెల చోటు మారుట వంటి చిక్కులను చూచినంతనే పట్టగల కన్ను వారిది.

కావున కళాశాల సంఘము వారికి మా విన్నపము. వారమునకు ఒక గంట కంప్యూటరు గదిని ఈ పనికై విడువుడు. తెలుగు, ఉర్దూ, ఆంగ్ల, కంప్యూటరు శాఖల నుండి ఒక్కొక్క ఉపాధ్యాయుని తోడుగా నియమింపుడు. వార్షికోత్సవమున ఆటలకు, వక్తృత్వమునకు బహుమతులిచ్చునట్లే, ఆమోదము పొందిన ఒక అనువాదమునకు, చక్కగా వ్రాసిన ఒక తప్పు నివేదికకు సైతము బహుమతి నిండు. ఇందు వ్యయము స్వల్పము.

తుమ్మలపల్లె పేరు నేడు దేశమునకు యురేనియము గని వలన తెలియును. ఈ నేల నుండి తీసికొనిపోవు దానితోనే గాక, ఈ నేల బిడ్డలు లోకమునకు ఇచ్చుదానితోనూ మన పేరు వినబడవలెనని మా ఆకాంక్ష. వచ్చు సంవత్సరము ఈ సంచికను అచ్చునకు ఇచ్చునపుడు ఒక ఒత్తు జారినను, ఒక హర్ఫ్ తెగినను, “ఇంతే” అని ఎవరైనను అన్నచో, “కాదు, వ్రాసి పంపితిమి” అని మన విద్యార్థి ఒక్కడైనను చెప్పగలుగు గాక.