లెక్కకు అందని మంచితనం

పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుంటే మన క్రైస్తవ గృహాల్లో సాధారణంగా వినిపించే మాట ఒకటే: ‘ఎంతసేపు ఆడతావురా, ఇక చాలు, లే!’ కాలం వృథా అవుతోందన్న బాధ ఆ మాటలో ఉంది. అది న్యాయమైన బాధే. అయితే ఆ ఆటలో తమ బిడ్డ ఎలాంటి మనిషిగా బతుకుతున్నాడని అడిగే తల్లిదండ్రులు అరుదు. దొంగగానా, దాతగానా, ఆపదలో ఉన్నవాణ్ని చూసి పక్కనుంచి దాటిపోయే బాటసారిగానా? ఎంతసేపు అనే ప్రశ్నకన్నా ఎలా అనే ప్రశ్న ముఖ్యమైనదని మా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి ఒక పాత ఆటల వరుసను తీసుకుందాం. దాని పేరు అల్టిమా.

ఇది రోల్ ప్లేయింగ్ గేమ్ అనే కోవకు చెందింది. ఇందులో ఆటగాడు కథలోని ఒక పాత్ర తానే అవుతాడు. ఊరూరా తిరుగుతాడు, ఎదురైన వారితో మాట్లాడతాడు, సహచరులను కూడగట్టుకుంటాడు, ఆపదలను ఎదుర్కొంటాడు. దీని సృష్టికర్త రిచర్డ్ గారియట్. ఈ వరుసలో మొదటి భాగం 1981లోనూ, తొమ్మిదవ భాగం 1999లోనూ వచ్చాయి. తొలి భాగాల్లోని బొమ్మలు ఈనాటి పిల్లలకు నవ్వు తెప్పిస్తాయి. కానీ నాలుగు నుంచి ఏడు వరకు ఉన్న భాగాలను వరుసగా ఆడుతూ వెళితే, మంచితనం అంటే ఏమిటన్న ప్రశ్న అడుగడుగునా లోతుగా మారడం గమనించాము.

మొదటి మూడు భాగాల్లో కథ సుమారుగా ఒక్కటే. ఎక్కడో ఒక దుష్టశక్తి ఉంటుంది, దాన్ని నాశనం చేస్తే ఆట గెలిచినట్టు. 1983లో వచ్చిన మూడవ భాగం అట్టపెట్టె మీద కొమ్ములున్న రాక్షసుడి బొమ్మ వేశారు. ఇది సాతాను పని అంటూ అమెరికాలో కొందరు క్రైస్తవులు అభ్యంతరం చెప్పారు. అదే కాలంలో గారియట్ ఆటగాళ్ల ఉత్తరాలు చదువుతూ వేరొక సంగతి గమనించాడు. త్వరగా గెలవాలన్న ఆతురతలో చాలామంది దుకాణాలు దోచుకుంటున్నారు, ఏ పాపం ఎరుగని ఊరివాళ్లను చంపుతున్నారు. పేరుకు కథానాయకులు, చేసేవి బందిపోటు పనులు! అట్ట మీద ఉన్న బొమ్మ అందరికీ కనిపించింది. అట్ట లోపల జరుగుతున్న దొంగతనం మాత్రం ఆడేవాడికే తెలుసు.

ఆ ఆలోచనలోంచి 1985లో నాలుగవ భాగం పుట్టింది. అందులో చంపవలసిన మహా దుష్టుడంటూ ఎవడూ లేడు. ఆటగాడు 8 సుగుణాల్లో పరిపూర్ణుడు కావాలి, అదే ఆట. నిజాయితీ, కనికరం, ధైర్యం, న్యాయం, త్యాగం, గౌరవం, ఆత్మీయత, తగ్గింపు అనేవి ఆ 8 సుగుణాలు. వీటన్నిటిలో ఆదర్శంగా నిలిచిన మనిషికి గారియట్ ‘అవతార్’ అని పేరు పెట్టాడు. మన దేశపు మాటే అది. ఆటలో మాత్రం దేవుడు దిగిరావడం అనే అర్థం దానికి లేదు, సుగుణవంతుడైన మనిషి అనే అర్థంలోనే వాడాడు.

ఈ సుగుణాలను ఆట ఎలా పరీక్షిస్తుందో చూడండి. మూలికలు అమ్మే ఒక గుడ్డి స్త్రీ ఉంటుంది. కావలసినవి అడిగితే ఆమె వెల చెబుతుంది. ఎంత ఇస్తున్నామో మనమే అంకె వేయాలి. తక్కువ వేసినా ఆమెకు తెలియదు, సరుకు ఇచ్చేస్తుంది. ఎవరూ అరవరు, భటులు రారు. కానీ కంప్యూటర్ లోపల నిజాయితీ లెక్క పడిపోతుంది. ఆ సంగతి ఆటగాడికి అప్పుడే చెప్పదు. అలాగే యాచకునికి నాణెం ఇస్తే కనికరం పెరుగుతుంది. వైద్యుని దగ్గర రక్తదానం చేస్తే త్యాగం పెరుగుతుంది. దుష్ట మృగాన్ని చూసి పారిపోతే ధైర్యం తరుగుతుంది. ఎవరైనా అడిగినప్పుడు గొప్పలు చెప్పుకుంటే తగ్గింపు పోతుంది. రాజుగారి కోటలో ఒక దీర్ఘదర్శి ఉంటాడు. ఆయన దగ్గరకు వెళ్లి అడిగితే ఏ సుగుణంలో ఎక్కడ ఉన్నామో సూచనగా చెబుతాడు. ఒక సుగుణంలో పరిపూర్ణత పొందిన తర్వాత కూడా తప్పు చేస్తే అది పోతుంది, మళ్లీ సంపాదించుకోవాలి.

ఈ ఆటలో సోదె చెప్పే స్త్రీ ఉంది, మంత్రాలు ఉన్నాయి. విశ్వాసులు ఆలోచించి తీసుకోవలసిన సంగతులే అవి, వాటిని మేము తేలికగా కొట్టివేయడం లేదు. కానీ ఎవరూ చూడని చోట గుడ్డి స్త్రీకి ఎంత చెల్లిస్తావని ఒక పదిహేనేళ్ల పిల్లవాణ్ని అడిగిన ఆటను కూడా తేలికగా కొట్టివేయలేము. మన సండే స్కూలు పాఠాల్లో ఎన్ని ఇంత సూటిగా ఆ ప్రశ్న వేస్తున్నాయి?

అయితే ఆట నిజంగా మనకు మేలు చేసేది దాని లోపం బయటపడిన చోటే. లెక్క ఉందని తెలిసిన క్షణం నుంచి ఆటగాడి బుద్ధి మారిపోతుంది. యాచకునికి ఒక్క నాణెం ఇచ్చినా కనికరం పెరుగుతుందని తెలుసుకున్నవాడు, సంచి నిండా బంగారం ఉంచుకుని ఒక్క నాణెంతో సరిపెడతాడు. వాడి కళ్ల ముందు యాచకుడు లేడు, అంకె ఉంది. తగ్గింపు సంగతి ఇంకా విచిత్రం. ఏ జవాబు చెబితే తగ్గింపు పెరుగుతుందో తెలిసిపోయాక, వినయంగా మాట్లాడటం కూడా ఒక ఎత్తుగడ అవుతుంది. పైకి తగ్గింపు, లోపల గెలుపు. దేవాలయంలో ప్రార్థన చేసిన ఇద్దరి ఉపమానం మనకు తెలిసిందే. పరిసయ్యుడు తన ఉపవాసాలనూ దశమభాగాలనూ వరుసగా లెక్క చెప్పాడు. ఆ లెక్కలో అబద్ధం ఉందని ఉపమానం ఎక్కడా అనదు. సుంకరి దగ్గర చెప్పుకోవడానికి లెక్కే లేదు, రొమ్ము కొట్టుకోవడం తప్ప. అయినా నీతిమంతుడిగా ఇంటికి వెళ్లినవాడు సుంకరే. క్రియను యంత్రం లెక్కించగలదు, హృదయాన్ని లెక్కించలేదు. మనుషులమైన మనం కూడా అంతే.

గారియట్ అక్కడితో ఆగలేదు. 1988లో వచ్చిన ఐదవ భాగంలో రాజు కనిపించకుండా పోతాడు, బ్లాక్‌థార్న్ అనేవాడు రాజ్యం ఏలుతుంటాడు. అతడు ఆ 8 సుగుణాలనే చట్టాలుగా మార్చేశాడు. అబద్ధమాడితే నాలుక పోతుంది. రాబడిలో సగం దానధర్మాలకు ఇవ్వకపోతే అసలు రాబడే ఉండదు. సుగుణాలు అవే, మాటలు అవే, కానీ దేశమంతా భయం. ఈ భాగం ఆడుతున్నప్పుడు జక్కయ్య మాకు గుర్తుకు వచ్చాడు. అతడు కూడా సగమే ఇచ్చాడు, తన ఆస్తిలో సగం బీదలకు. ఎవరూ ఆజ్ఞాపించలేదు. ప్రభువు అతణ్ని పేరు పెట్టి పిలిచి, అందరూ సణుగుతుండగా అతని ఇంటికి వెళ్లాడు. ఆ తర్వాతే జక్కయ్య చేయి విప్పాడు. బ్లాక్‌థార్న్ రాజ్యంలో ఇచ్చే సగానికీ, జక్కయ్య ఇచ్చిన సగానికీ అంకెలో తేడా లేదు. తేడా అంతా దాని వెనుక ఉన్న కారణంలోనే ఉంది. మన సంఘాల్లో, మన ఇళ్లలో పిల్లల మంచితనం ఈ రెండింటిలో దేనికి చెందినది? శిక్షకు భయపడి నిజం చెప్పే పిల్లవాడు, శిక్షించేవాడు కంటికి దూరమైన రోజున ఏం చేస్తాడు? చదువు కోసం హాస్టల్‌కు వెళ్లిన ఏడాదికే చర్చి మానేసిన యువకుల గురించి బాధపడే పెద్దలు ఈ ప్రశ్నను ఒకసారి తమలో తాము వేసుకోవాలి.

1990లో వచ్చిన ఆరవ భాగం ఇంకొక మెట్టు ఎక్కుతుంది. ఎర్రని శరీరాలు, రెక్కలు ఉన్న గార్గాయిల్స్ అనే జాతి ఆటగాడి లోకం మీదికి దండెత్తి, సుగుణాల మందిరాలను ఆక్రమిస్తుంది. చూడటానికి అచ్చం దయ్యాలే. వాటితో యుద్ధమే కథ అనుకుంటాము. కానీ ముందుకు వెళ్లేకొద్దీ అసలు సంగతి తెలుస్తుంది. ఆ జాతి పవిత్రంగా ఎంచుకునే జ్ఞానగ్రంథాన్ని నాలుగవ భాగంలో సాధించి గొప్ప పేరు తెచ్చుకున్నవాడు ఈ కథానాయకుడే. అది పోవడంతో వారి లోకం కూలిపోతోంది. వారి ప్రవచనాల్లో అబద్ధ ప్రవక్త అని చెప్పబడినవాడు మరెవరో కాదు, ఈ సుగుణవంతుడే! వారికీ నీతి ఉంది, నిగ్రహం, తపన, శ్రద్ధ అనే సూత్రాలు ఉన్నాయి. చివరికి ఆటగాడు వారి భాష నేర్చుకుని, లోబడుతున్నానని తెలిపే ఒక పతకం మెడలో వేసుకుని, తాను శత్రువులనుకున్న వారి దేశంలో నడవాలి. నాలుగవ భాగంలో మాటల్లో సంపాదించిన తగ్గింపు ఇక్కడ మెడకు బరువుగా వేలాడుతుంది. పేతురు కొర్నేలీ ఇంటి గడప దాటడానికి ఎంత పోరాడవలసి వచ్చిందో అపొస్తలుల కార్యములు చదివినవారికి తెలుసు. యెరూషలేము సంఘం అతణ్ని నిలదీసింది కూడా. మనం దయ్యాలుగా చూస్తున్నవారు ఎవరు? మన కులం కానివారా, మన విశ్వాసం కానివారా, మన సంఘం నుంచి విడిపోయి పక్క వీధిలో వేరే మందిరం కట్టుకున్నవారా? వారి వైపు నుంచి చూస్తే మనం ఎలా కనిపిస్తున్నామో తెలుసుకోవడానికి వారి భాష నేర్చుకున్నామా?

ఇక 1992 నాటి ఏడవ భాగం మన వంటి వారికే సూటిగా తగులుతుంది. ఆ కథలో ఊరూరా వ్యాపించిన ఒక సంస్థ ఉంటుంది. దాని పేరు ఫెలోషిప్. మన సంఘాల్లో సహవాసం అని పిలుచుకునే మాటే అది. చిరునవ్వులు, కూడికలు, పేదలకు ఆశ్రయం, అన్నీ ఉన్నాయి. తెర వెనుక మాత్రం అది ఒక దుష్టశక్తికి పనిచేస్తుంటుంది. ఆ సంస్థ బోధించే మూడు సూత్రాల్లో ఒకటి, ప్రతిఫలం కావాలంటే ముందు యోగ్యత సంపాదించుకోవాలన్నది. వినడానికి ఎంత సబబుగా ఉంది! కానీ బీదవాడి చెవిలో అదే మాట ఎలా పడుతుందో ఆలోచించండి. నీకు కష్టం వచ్చిందంటే నీకు యోగ్యత లేదని దాని అర్థం. తప్పిపోయిన కుమారుని తండ్రి అలా అనలేదు. కొడుకు తాను సిద్ధం చేసుకున్న మాటలు పూర్తి చేయకముందే వస్త్రం, ఉంగరం, చెప్పులు తెప్పించాడు. యోగ్యత ముందు రాలేదు, తండ్రి ప్రేమే ముందు వచ్చింది. మన సహవాసాల్లో జబ్బుపడిన వారికీ, అప్పులపాలైన వారికీ, బిడ్డలు లేని వారికీ ‘నీలో విశ్వాసం తక్కువ’ అని చెప్పే అలవాటు ఎక్కడైనా ఉంటే, అది సువార్త కాదు, ఆ ఆటలోని ఫెలోషిప్ బోధ.

ఒక ఆటను సువార్తతో సమానం చేస్తున్నామని ఎవరూ అనుకోవద్దు. గుణాలు నేర్పడం వరకే ఆట వెళ్లగలదు, క్షమించడం దానికి రాదు. అల్టిమాలో సుగుణం కోల్పోయినవాడు మళ్లీ అంకెలు పోగుచేసుకోవాలి, వేరే దారి లేదు. విశ్వాసికి మాత్రం సిలువ దగ్గర వేరే దారి ఉంది. అయినా ఆ యంత్రం వేసిన ప్రశ్నలు మంచివి. వాటికి జవాబు చెప్పవలసింది మనం.

కాబట్టి తల్లిదండ్రులకూ, యవనస్థుల మధ్య పరిచర్య చేసేవారికీ మా మనవి ఇది. నేటి ఆటలు అల్టిమా కన్నా ఎన్నో రెట్లు ఆకర్షణీయమైనవి, కొన్ని ఎన్నో రెట్లు క్రూరమైనవి. అట్ట చూసి నిషేధించడమూ, చూడకుండా వదిలేయడమూ రెండూ సులువైన పనులే. కష్టమైన పని పక్కన ఒక కుర్చీ వేసుకుని కూర్చోవడం. ‘ఇందులో నువ్వు ఎవరివి? వీళ్లెవరు? వాణ్ని ఎందుకు కొట్టావు? కొట్టకుండా గెలవలేవా?’ అని పోలీసులా కాక తోటివాడిలా అడగడం. సమయానికి హద్దు పెట్టండి, అది అవసరమే. కానీ ఆ హద్దు లోపల మీ బిడ్డతో కొంతసేపు నడవండి. ఎమ్మాయు దారిలో ప్రభువు ఆ ఇద్దరు శిష్యులకు మొదట ప్రసంగించలేదు. వారి పక్కన నడుస్తూ, దేని గురించి మాట్లాడుకుంటున్నారని ముందు అడిగాడు.