సార్వజనిక కంప్యూటర్లకు ఏది శ్రేయస్కరము?

సంపాదకులవారికి,

గ్రంథాలయములందలి కంప్యూటర్లను గూర్చి గతసంచికలో ప్రకటితమైన వ్యాసమున, పాతయంత్రములన్నిటిని తొలగించి విండోస్ 11 గల నూతనయంత్రములను కొనుటయే మార్గమని రచయిత నిర్ణయించిరి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణసహాయము ముగిసెననుట సత్యమే, టీపీఎమ్ 2.0 అను భద్రతాభాగము లేని యంత్రములపై విండోస్ 11ను మైక్రోసాఫ్ట్ అధికారికముగ సమర్థింపదనుటయు సత్యమే. కాని అందుండి వారు తీసిన నిర్ణయము మాత్రము అంగీకారయోగ్యము గాదు.

కర్నూలు, కడప జిల్లాలలో ఉద్యోగార్థులు పరీక్షల దరఖాస్తులకై వచ్చి, ఆధార్ సంఖ్యలను, ధ్రువపత్రములను, పాస్‌వర్డులను ఒకరి తరువాత నొకరు ఒకే యంత్రమున నమోదు చేయుచుండ, అచట ప్రధానప్రశ్న యంత్రమెంత నూతనమనుట గాక, లేచిపోయినవాని వివరములు తరువాత కూర్చుండువానికి చిక్కకుండునా యనుటయే. డెబియన్, ఉబుంటు వంటి లినక్స్ వ్యవస్థలలో మూలడిస్కును చదువుటకు మాత్రమే వీలగునట్లుంచి, వ్రాతలన్నియు ర్యామ్‌లోనే నిలుచునట్లమర్చినచో, రీస్టార్టు చేసినంతనే పూర్వస్థితి కలుగును; కరెంటు హఠాత్తుగ పోయినను మూలవ్యవస్థ చెడు అవకాశము మిక్కిలి తగ్గును.

ఉబుంటు ఎల్‌టీఎస్ (దీర్ఘకాలసహాయ) సంచికలకు 5 సంవత్సరముల భద్రతాసవరణలు ఉచితముగ లభించును. కేంద్రప్రభుత్వసంస్థయగు సీడాక్ వారి బాస్ లినక్స్ డెబియన్‌పై నిర్మితమై భారతీయభాషలకు తోడ్పడుచున్నది. తెలుగులోనే వ్యవస్థను నడుపవలెనని స్వేచ్ఛ సంస్థవారు చేసిన కృషియు స్మరణీయము.

కొన్ని వేలిముద్రపరికరములు విండోస్‌నే కోరుననుట యథార్థము. అట్టి పనులకు ఒక్క యంత్రమును ప్రత్యేకించిన చాలును. కావున కొనుగోలునకు పూర్వము ఒక పాతయంత్రమున నీ యమరికను మాసకాలము పరీక్షించి చూడవలసినదిగ జిల్లా గ్రంథాలయ సంస్థలవారిని ప్రార్థించుచున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, కడప